ఐంద్రజాలికుల పెద్ద హ్యారీ హౌడినీ

చతుష్షష్టి కళలలో ఐంద్రజాలమును మన పూర్వులు చేర్చిరి. దశకుమార చరిత్రమున రాజవాహనునకు అవంతిసుందరితో వివాహము జరిపించిన విద్యేశ్వరుడు ఐంద్రజాలికుడే. అయినను ఆ విద్యతో బ్రతుకువారిని లోకము వేడుకతో చూచినదే గాని సరసన కూర్చుండబెట్టుకొనలేదు. 19వ శతాబ్ది చివర అమెరికాలోను ఇదే తీరు. ఒకరి రహస్యము నొకరు అపహరించుట, ఒకరి నొకరు నమ్మకుండుట వారికి మామూలు. అట్టివారి నెల్ల ఒక గొడుగు క్రిందికి తెచ్చుటకు పాటుపడిన వాడు హ్యారీ హౌడినీ. సంకెళ్ళు విప్పుకొన్న హౌడినీని పలువు రెరుగుదురు. సంఘమును కట్టిన హౌడినీని ఎరిగినవారు కొలదిమంది గనుక, ఆ భాగమునే ఇచట కొంత విస్తరించి వ్రాయుచున్నాను.

అతని అసలు పేరు ఎరిక్ వైస్. 1874 మార్చి 24న హంగరీ దేశపు బుడాపెస్టు నగరమున యూదు కుటుంబమున జన్మించెను. తండ్రి మతగురువు. 1878లో ఆ కుటుంబము అమెరికాకు వచ్చి విస్కాన్సిన్ రాష్ట్రమందలి ఆపిల్టన్ అను ఊర నిలిచెను. కొన్నియేండ్లకే తండ్రి ఉద్యోగము పోయినది. పిల్లవాడు వీథులలో పత్రికలమ్మెను, బూట్లు తుడిచెను. న్యూయార్కు చేరిన పిమ్మట మెడకు కట్టుకొను టైలు తయారుచేయు కర్మాగారమున పనికి కుదిరెను. ఆ దినములలోనే రాబర్ట్ హూడిన్ అను ఫ్రెంచి ఐంద్రజాలికుని ఆత్మకథ అతని చేతబడెను. చదివి మైమరచి, ఆయన ఇంటిపేరునకు చివర ఒక్క అక్షరము చేర్చి హౌడినీ అని తన పేరు మార్చుకొనెను. గ్రంథాలయపు సంచికలో ఈ సంగతి చెప్పక దాటరాదు. ఆ గురుతుల్యుని కీర్తి దొంగసొమ్మని నిరూపింపబూని 1908లో అతడే ఒక గ్రంథము ప్రకటించుట మాత్రము అతనికి శోభ తెచ్చినది కాదని నా యభిప్రాయము.

1894లో బెస్ అను యువతిని వివాహమాడెను. దంపతులిరువురు చిన్న సర్కసులలో, చవుక వినోదశాలలలో అయిదేండ్లు ఇంచుమించు పస్తులతో తిరిగిరి. 1899లో మార్టిన్ బెక్ అను నాటకశాలల యజమాని అతని సంకెళ్ళ విద్యను చూచి పెద్ద రంగస్థలములకు తెచ్చెను. మరుసటి యేడు ఐరోపాకు పోయెను. 1904 మార్చి 17న లండను నగరమున ఒక పత్రిక సవాలు చేసి తెచ్చిన ప్రత్యేకపు సంకెలను గంటకు పైగా పెనగులాడి వదలించుకొనెను. సూదులను దారమును మ్రింగి, దారమునకు గ్రుచ్చిన సూదులను నోటినుండి వెలికి తీయు విద్య యొకటి అతనికి మిక్కిలి ఇష్టము. అది హిందూదేశపు విద్యయని చెప్పుకొనుచుండెడివారు. 1912లో కాళ్ళు బిగించి తలక్రిందులుగా నీటితొట్టిలో దింపుకొని బయటపడు విద్యను ప్రారంభించెను. వీనిలో మంత్రము లేదు. తాళముల నిర్మాణము నతడు కమ్మరివలె ఎరుగును. ఊపిరి బిగబట్టుట చిరకాలము సాధన చేసెను. ఇక దాచిన పరికరములు, చూపరుల దృష్టిని మరలించు నేర్పు. తాను చేయునది మానవ ప్రయత్నమేయని అతడు దాచలేదు. ఎట్లు చేయునో అది మాత్రమే దాచెను.

ఇక సంఘము మాట. 1902 మే 10న న్యూయార్కులో మార్టింకా అను వారి ఇంద్రజాల సామగ్రి అంగడి వెనుక గదిలో 24 మంది కూడి సొసైటీ ఆఫ్ అమెరికన్ మెజీషియన్స్ అను సంఘమును స్థాపించిరి. వృత్తి గౌరవము పెంచుట, వైరములు తగ్గించుట, రహస్యములు బయటబెట్టువారిని అడ్డుకొనుట దాని ఆశయములు. పేరు దేశమంతటిది, బలము న్యూయార్కుది. 1916లో హౌడినీ ప్రదర్శనలకై ఊరూర తిరుగుచు, పోయినచోట నెల్ల స్థానిక ఐంద్రజాలికులను విందునకు పిలిచి, చిన్న కూటములు విడివిడిగా నున్న బలహీనములని, ఒక్కటైన ఏ ఊరికేగినను సభ్యునకు ఆదరము లభించునని నచ్చజెప్పెను. ఆ విందుల ఖర్చు సంఘపు పద్దులో పడలేదు; తన జేబునుండియే ఇచ్చెను. పద్దులు వ్రాసి బ్రతుకువాడను గనుక ఈ సంగతి నా కంటబడినది. కూటములు లేని ఊళ్ళలో ఒకరి నొకరెరుగని వారిని కూర్చి పరిచయము చేసెను. బఫెలో, డెట్రాయిటు, పిట్స్‌బర్గు మున్నగు పట్టణముల వారు చేరిరి. అతడు పోని ఊళ్ళవారును చేరుదుమని వ్రాసిరి. 1917లో అతడు అధ్యక్షుడయ్యెను.

ఆ యేడే సంఘము చేసిన పని యొకటి చెప్పవలెను. అమెరికా సైనికుల ఓడ యాంటిల్లీసును అక్టోబరు 17న జర్మను జలాంతర్గామి ముంచివేసెను. మృతుల కుటుంబములకై నవంబరు 11న న్యూయార్కులో హౌడినీ గొప్ప ప్రదర్శన జరిపెను. తొమ్మిదేండ్ల క్రితమే రంగస్థలమును విడిచిన వృద్ధ ఐంద్రజాలికుడు హ్యారీ కెల్లర్‌ను అందు పాల్గొనుమని ఒప్పించెను. ప్రదర్శన ముగిసిన పిదప ఆ పెద్దను నడువనీయక, పల్లకి వంటి ఆసనమున కూర్చుండబెట్టి, వాద్యములతో మోసికొనిపోయిరి. గారడివాడని పిలిపించుకొన్న వానికి ఇట్టి మర్యాద జరుగుట నాడు వింత.

1913లో తాను ఐరోపాలో నుండగా తల్లి మరణించెను. ఆ దుఃఖము అతని నెన్నడు విడువలేదు. ప్రపంచయుద్ధములో కొడుకులను పోగొట్టుకొన్న వేలకొలది తల్లిదండ్రులు, చనిపోయినవారితో మాటలాడింతుమని చెప్పువారి చుట్టును తిరుగుచున్న కాలమది. షెర్లాక్ హోమ్స్ కథల కర్త కానన్ డాయిల్ హౌడినీకి మిత్రుడు. ఆ వాదమును మనసార నమ్మినవాడు. 1922లో డాయిల్ భార్య హౌడినీ తల్లి ఆత్మ పలికించినదని కాగితములు నిండ వ్రాసి యిచ్చెను. వ్రాత ఇంగ్లీషులో నున్నది. తలపున శిలువ గుర్తు ఉన్నది. ఆ తల్లికి ఇంగ్లీషు సరిగా రాదు. ఆమె యూదు మతగురువు భార్య. మైత్రి అంతటితో చెడినది.

అటుపై హౌడినీ మారువేషములతో ఇట్టివారి కూటములకు పోయి వారి మోసములు బయటపెట్టెను. బల్ల లేచుట, చీకటిలో గంట మ్రోగుట తన వృత్తిలోని వారికి తెలిసిన ఉపాయములే. టిక్కెట్టు కొన్న ప్రేక్షకుని ఆనందింపజేయుటకు వాడవలసిన విద్యను ఏడ్చుచున్న తల్లి కొంగుముడి విప్పించుటకు వాడుట అతనికి సహింపరాని ద్రోహము. 1926లో అమెరికా చట్టసభ కమిటీ యెదుట నిలిచి, డబ్బు పుచ్చుకొని జోస్యము చెప్పుటను రాజధానిలో నిషేధింపుమని వాదించెను. ఆ బిల్లు నెగ్గలేదు.

ఆ యేటి జూలైలో తొమ్మిదవసారి సంఘాధ్యక్షునిగా ఎన్నుకొనబడెను. అక్టోబరు 22న మాంట్రియలు నగరమున ఒక విద్యార్థి, హౌడినీ కడుపు ఎంతటి దెబ్బకైన ఆగునను ప్రతీతిని పరీక్షింపగోరి, అతడు సిద్ధపడకమునుపే పిడికిట గుద్దెను. జ్వరముతోనే డెట్రాయిటులో ప్రదర్శనమిచ్చి పడిపోయెను. ఉండుకము చితికి లోపల విషమెక్కియుండెను. అక్టోబరు 31న, 52 ఏండ్ల వయస్సున కన్నుమూసెను. అంత్యక్రియలలో సంఘమువారు అతని పేటికపై ఐంద్రజాలికుని దండము నొకదానిని విరిచియుంచిరి. నాటినుండి సభ్యుడు చనిపోయినపుడు ఆ ఆచారమును పాటించుచున్నారు. సంఘము నేటికిని నడచుచున్నది. బెస్ పదియేండ్లు, ఏటేట ఆ దినమున, భర్త ఆత్మ ఏదైన గుర్తు చూపునేమోనని వేచి, 1936లో మానుకొనెను.

అతని ఇల్లు న్యూయార్కులో 113వ వీథిలో నుండెను. ఇంద్రజాలము, ఆత్మవాదము, నాటకము మొదలగు వానిపై దొరకిన గ్రంథము నెల్ల కొని, వాని నమర్చుటకు జీతమిచ్చి ఒక గ్రంథపాలకుని పెట్టుకొనెను. వీలునామా ప్రకారము అందులో ఇంచుమించు 4,000 సంపుటములు 1927లో వాషింగ్టను నగరమందలి కాంగ్రెసు గ్రంథాలయమునకు చేరినవి. అచటి చదువుకొను గదిలో కోరినవారికి వానిని ఇచ్చెదరు.