మాక్స్‌వెల్ రంగుల బొంగరం

విద్యుదయస్కాంత సిద్ధాంతకర్తగా జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ పేరు లోకప్రసిద్ధం. అయితే 1860లో ఆయనకు రాయల్ సొసైటీవారి రమ్‌ఫర్డ్ పతకాన్ని సంపాదించి పెట్టినది విద్యుత్తు కాదు, రంగు.

ఆయన 1831లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో జన్మించారు. ఎనిమిదవ యేట తల్లి మరణించినది. పల్లెయాసతో, వింత దుస్తులతో బడికి వచ్చిన ఆ బాలునికి తోటివారు వెర్రివాడని పేరు పెట్టారు.

బరువును తూచడానికి త్రాసు ఉన్నది. మరి రంగును తూచేదెట్లా? అది వస్తువులో కొంత, చూచే కంటిలో కొంత ఉన్నది. గురువైన ఫోర్బ్స్ ప్రయోగాల బాటలో మాక్స్‌వెల్ ఒక బొంగరాన్ని తయారుచేశారు. దానిపై ఎరుపు, నీలం, ఆకుపచ్చ కాగితపు బిళ్లలను చీలికల గుండా ఒకదానిలో ఒకటి చొప్పించి, ఏ రంగు ఎంత మేర కనిపించాలో అంతే కనిపించేటట్లు అమర్చారు. నడుమ తెలుపు, నలుపు చిన్న బిళ్లలు. అంచున నూరు భాగాల కొలత. బొంగరం వేగంగా తిరిగినప్పుడు రంగులు కలిసిపోయి, వెలుపల ఒక వర్ణం, లోపల ఒక వర్ణం కనిపిస్తాయి. రెండూ సమానమయ్యేవరకు బిళ్లలను సవరించి, భాగాలను లెక్కించేవారు. 37 పాళ్ల ఎరుపు, 27 పాళ్ల నీలం, 36 పాళ్ల ఆకుపచ్చ కలిస్తే, 28 పాళ్ల తెలుపు, 72 పాళ్ల నలుపు కలిసిన బూడిద వర్ణానికి సరిపోయినదని 1855లో ప్రకటించారు. రంగు ఎంత ఉన్నదో కన్ను చెప్పలేదు. రెండు రంగులు ఒకటేనా కాదా అన్నది మాత్రం నిక్కచ్చిగా చెప్పగలదు. ఆ ఒక్క శక్తినే ఆయన త్రాసుముల్లుగా వాడుకొన్నారు.

నీలం, పసుపు కలిస్తే ఆకుపచ్చ అని చిత్రకారుల అనుభవం. బొంగరం మీద అట్లా కాలేదు. వర్ణద్రవ్యాల కలయిక వేరు, కాంతుల కలయిక వేరు.

కాగితాల రంగులు మాసిపోతాయి. అందుచేత సూర్యకాంతినే పట్టకంతో విడదీసి, కావలసిన కిరణాలను సన్నని చీలికల గుండా కలిపే వర్ణపేటికను నిర్మించారు. పరిశీలకులలో ఆయన భార్య కేథరిన్ ఒకరు. దంపతుల కొలతలు కొంత భేదించాయి. ఆ భేదాన్ని దాచక, కంటికీ కంటికీ గల తేడాగా ఆయన ప్రచురించారు.

1860లో అబర్డీన్‌లోని రెండు కళాశాలలు విలీనమైనప్పుడు మాక్స్‌వెల్ ఉద్యోగం పోయినది. ఆయన ఒక కళాశాల అధిపతికి అల్లుడైనప్పటికీ! లండన్ చేరి, అటక గదిలో ఎనిమిది అడుగుల నల్లని పేటికలోనికి గంటల తరబడి చూస్తూండగా, ఇరుగుపొరుగువారు శవపేటికలో తొంగిచూచే పిచ్చివాడనుకొన్నారట.

1879లో, తల్లిని బలిగొన్న ఉదర క్యాన్సర్‌తోనే, 48వ యేట ఆయన కన్నుమూశారు. మూడు సంఖ్యలతో ఏ రంగునైనా తెలిపే అంతర్జాతీయ ప్రమాణం 1931లో ఏర్పడినది.