అన్నదాత్రి తరిగొండ వెంగమాంబ

వైశాఖ శుద్ధ చతుర్దశి శ్రీ నృసింహ జయంతి. ఆనాడు కలిగినవారి యిండ్ల వడపప్పు, పానకము, పులిహోర, పాయసము స్వామికి నివేదనమగును. లేనివారి యింట పొయ్యి రాజుటయే సందేహము. ఆ పర్వదినమున ఆకలిగొన్నవారికి అన్నము పెట్టుటను స్వామి కైంకర్యముగా స్వీకరించిన పరమభక్తురాలు మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ.

మదనపల్లెకు చేరువనున్న తరిగొండ యామె జన్మస్థలము. సుమారు 1730వ సంవత్సరమున కృష్ణయ్య, మంగమాంబ దంపతులకు జన్మించి, బాల్యమునుండియు ఆ యూరి లక్ష్మీనరసింహస్వామిని సేవించెను. మదనపల్లె వాస్తవ్యులైన రూపావతారము సుబ్రహ్మణ్యశాస్త్రిగారు గురువులై యామెకు జ్ఞానమార్గము నుపదేశించిరి.

చిన్నతనముననే వివాహము జరిగెను. అనతికాలమునకే భర్త గతించెను. ఆ కాలపు ఆచారము విధవను శుభకార్యములకు, పండుగ వేడుకలకు దూరముగా నుంచెడిది. వెంగమాంబ శ్రీనివాసునే పతిగా భావించి, శిరోముండనమునకు సమ్మతింపక, లోకనిందను సహించి, తుదకు తిరుమల చేరెను.

కొండపై ఆమె శ్రీ వేంకటాచల మాహాత్మ్యము, ద్విపద భాగవతము మున్నగు గ్రంథములను రచించెను. రైలు గాని, కొండదారిన బండి గాని లేని కాలమది. పుంగనూరు, కుప్పము వంటి దూరసీమల పేదలు స్వామి దర్శనము కోరినచో, మూటలోని చద్దిని నమ్ముకొని కాలినడకన రావలసినదే. చద్ది తీరిన పిమ్మట ఆకలియే తోడు. తనకంటూ సంపద లేని వెంగమాంబ, తన యిలవేల్పు జయంతి ఉత్సవదినములలో యాత్రికులకు అన్నసంతర్పణము నెలకొల్పెను. ఆమె నిష్ఠను గాంచిన దాతలు విరాళములు సమర్పించి, దానపత్రములు వ్రాసియిచ్చిరి. పండుగకు దూరము చేయబడిన స్త్రీయే ఎవరిని దూరము చేయని పండుగను నిలిపెను.

1817లో ఆమె తిరుమలలోనే సిద్ధి పొందెను. స్వామివారి ఏకాంతసేవలో ముత్యాలహారతి ఆమె పేర నేటికిని జరుగుచున్నది. 1985లో తిరుమల తిరుపతి దేవస్థానమువారు నిత్యాన్నదాన పథకమును ప్రారంభించిరి. 2011లో ప్రారంభమైన విశాల భోజనశాలకు ఆమె నామమునే యుంచిరి. అచ్చట పంక్తిలో కూర్చున్నవారిని ధనికుడా, పేదవాడా యని అడుగువారు లేరు.

కొండకు పోలేనివారికిని ఈ సేవ అందనిది కాదు. నృసింహ జయంతినాడు మన యింట విస్తళ్లు పఱచుటకు ముందు, పొయ్యి రాజని పొరుగిల్లు ఏదియో విచారించి, ఆ కుటుంబమునకు భోజనము పంపుదము. ఆ తల్లిని స్మరించుటకు అంతకు మించిన విధము లేదు.