ఇయాన్ ఫ్లెమింగ్ సంతకం

ఈ ప్రత్యేక సంచికకు కీర్తిశేషులైన ప్రముఖులలో ఒకరి జీవితాన్ని గురించి వ్రాయమని సంపాదకవర్గం వారు కోరారు. దేశనాయకుల గురించి వ్రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను మాత్రం నా చిరకాల వ్యాపకానికి కారకుడైన ఇయాన్ ఫ్లెమింగ్‌ను ఎంచుకున్నాను. జేమ్స్‌బాండ్‌ను సృష్టించినది ఆయనే.

ఆదోని, ఎమ్మిగనూరు వైపు మనవాళ్ళకు ఫ్లెమింగ్ కంటే ముందు తెలిసినది 1966లో వచ్చిన గూఢచారి 116. కృష్ణగారికి ఆంధ్రా జేమ్స్‌బాండ్ అన్న పేరు తెచ్చిన చిత్రమది. మరుసటి ఏడు హిందీలో ఫర్జ్‌గా వచ్చింది. చదివింపుల నూటపదహార్లలా ఆ అంకె మా కుర్రకారు నోళ్ళలో నానింది. ఆ ఊపులోనే అసలు బాండ్ నవలలు వెతకసాగాను. ఆదోనిలో దొరకనివి హైదరాబాదు వెళ్ళినప్పుడు ఆబిడ్స్ ఆదివారం పాతపుస్తకాల వారి వద్ద కొన్నాను.

ఫ్లెమింగ్ 1908 మే 28న లండన్‌లో కలిగిన కుటుంబంలో పుట్టాడు. తొమ్మిదేళ్ళు నిండకముందే, 1917లో, తండ్రి యుద్ధంలో మరణించాడు. సైనిక శిక్షణ మధ్యలో మానేశాడు. రాయిటర్స్ విలేఖరిగా 1933లో మాస్కోలో ఇంగ్లీషు ఇంజనీర్లపై జరిగిన విచారణ వార్తలు పంపాడు. తర్వాత షేర్ల వ్యాపారంలో చేరాడు. 1939లో నౌకాదళ గూఢచారి విభాగం అధిపతికి సహాయకుడయ్యాడు. ఆ కొలువే ఆయనకు కథావస్తువు నిచ్చింది.

యుద్ధం ముగిశాక పత్రికా సంస్థలో ఉద్యోగం చేస్తూ, ఏటా శీతాకాలం రెండు నెలలు జమైకాలోని తన ఇంటికి వెళ్ళేవాడు. 1952లో అక్కడే మొదటి నవల కాసినో రాయల్ వ్రాశాడు. 1953లో అచ్చయిన తొలి ముద్రణ ఐదువేల ప్రతులు కూడా లేదు. మరుసటి ఏడు దానిని అమెరికా టెలివిజన్ వారు వెయ్యి డాలర్లకు తీసుకున్నారు. నాయకుడి పేరు ఒక పక్షిశాస్త్రవేత్తది. ఆయన వ్రాసిన వెస్టిండీస్ పక్షుల పుస్తకం ఫ్లెమింగ్ వద్ద ఉండేది.

మొదటి బాండ్ చిత్రం డాక్టర్ నో 1962 అక్టోబరులో విడుదలైంది. రచయితకు అప్పటికే గుండెజబ్బు. పైగా థండర్‌బాల్ కథ ఎవరిదన్న వ్యాజ్యం ఆయనను కుంగదీసింది. 1964 ఆగస్టు 12న, ఏకైక కుమారుడి పన్నెండవ పుట్టినరోజు నాడే, కన్నుమూశాడు. గోల్డ్‌ఫింగర్ చిత్రం ఆ మరుసటి నెలలో వచ్చింది. బాండ్ సినిమాల వైభవాన్ని ఆయన చూసినది రెండేళ్ళయినా లేదు.

సంతకం ఉన్న ప్రతులు అరుదు కావడానికి కారణమిదే. సినిమా చూసి పుస్తకం పట్టుకుని సంతకానికి వచ్చే జనం పెరిగేసరికి సంతకం చేసే చెయ్యి లేదు. ఉన్నవాటిలో ఎక్కువ విలువ మిత్రులకు పేరు వ్రాసి ఇచ్చిన ప్రతులకు. ఆ పక్షిశాస్త్రవేత్త 1964 ఫిబ్రవరిలో జమైకా వచ్చి పలకరిస్తే, ఫ్లెమింగ్ యు ఓన్లీ లివ్ ట్వైస్ ప్రతి మీద తాను ఆయన పేరు దొంగిలించినవాడినని ఒప్పుకుంటూ సంతకం చేసి ఇచ్చాడు. 2008లో అది వేలంలో అమ్ముడుపోయింది. ఉత్త సంతకానికి దొంగ నకలు తయారు కావచ్చు. ఎవరికి, ఎప్పుడు, ఎందుకు ఇచ్చాడో తెలిసిన ప్రతికి ఆ కథే సాక్ష్యం.

చాలామందికి తెలియని విశేషం, ఫ్లెమింగ్ స్వయంగా గొప్ప పుస్తక సేకర్త. లోకం నడతను మార్చిన శాస్త్ర సాంకేతిక గ్రంథాల తొలి ముద్రణలను 1930ల నుండే పోగుచేశాడు. ఒక్కొక్క గ్రంథానికి నల్లని పెట్టె చేయించాడు. ఆయన పోయాక 1970లో ఆ సేకరణ అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయం లిల్లీ గ్రంథాలయానికి చేరింది. చెదరకుండా ఒక్కచోటే ఉంది.

నా వద్ద పద్నాలుగు బాండ్ పుస్తకాలూ ఉన్నాయి, సంతకం ఉన్నది ఒక్కటీ లేదు. దానికి నాకు చింత లేదు. నా చింత వేరు. ఎమ్మిగనూరులో మన సభ్యుడొకరు పోయిన నెలకే ఆయన జీవితమంతా కూర్చిన పుస్తకాలు తూకానికి వెళ్ళిపోయాయి. ఇంటివారి తప్పు లేదు, వాటిలో ఏముందో వారికి ఎవరూ చెప్పలేదు. అందుకే నేను ప్రతి పుస్తకం ఎక్కడ, ఎప్పుడు, ఎంతకు కొన్నదీ ఒక నోటుబుక్కులో వ్రాసి, నా తదనంతరం ఏ గ్రంథాలయానికి ఇవ్వాలో పిల్లలకు చెప్పాను. పెన్షన్ కాగితాలు జాగ్రత్త చేసినట్లే మిత్రులు ఈ పని కూడా చేయవలసిందిగా మనవి.