డీజిల్ ఒక మనిషి పేరు

డీజిల్ అనే మాట మనం పెట్రోల్ బంకులో, బస్టాండులో రోజూ వింటూనే ఉంటాం. అది ఒక మనిషి ఇంటిపేరని మనలో చాలామందికి తెలియదు. బంధువుల ఇంట్లో ఉండి, స్కాలర్‌షిప్‌తో చదువుకున్న రుడాల్ఫ్ డీజిల్ జీవితం హాస్టల్ విద్యార్థులమైన మనం తప్పక తెలుసుకోవలసినది.

ఆయన 1858 మార్చి 18న పారిస్‌లో జన్మించాడు. తల్లిదండ్రులు జర్మనీలోని బవేరియా నుంచి వలస వచ్చినవారు. తండ్రి తోలు వస్తువులు తయారుచేసేవాడు. 1870లో ఫ్రాన్స్, ప్రష్యాల మధ్య యుద్ధం రావడంతో కుటుంబం లండన్ చేరింది. 12 ఏళ్ల రుడాల్ఫ్‌ను మాత్రం చదువు కోసం ఆగ్స్‌బర్గ్‌లోని బంధువుల ఇంటికి పంపారు. ప్రతిభతో మ్యూనిక్ పాలిటెక్నిక్‌లో స్కాలర్‌షిప్ పొందాడు. 1879లో టైఫాయిడ్ వచ్చి చివరి పరీక్ష తప్పిపోయింది. 1880 జనవరిలో రాసి అత్యున్నత స్థాయిలో ఉత్తీర్ణుడయ్యాడు.

ఆవిరి యంత్రం బొగ్గులోని శక్తిని చాలావరకు వృథా చేస్తోందని చదువుకునే రోజుల్లోనే ఆయన గ్రహించాడు. సైకిల్ పంపు గట్టిగా కొడితే కింది భాగం వేడెక్కడం మనకు తెలుసు. అలాగే గాలిని బాగా అదిమి వేడెక్కించి, అందులోకి ఇంధనం పంపితే స్పార్క్ ప్లగ్ లేకుండానే మండుతుంది. ఇదే ఆయన ఆలోచన.

1893 ఆగస్టులో ఆగ్స్‌బర్గ్ ఫ్యాక్టరీలో మొదటి పరీక్ష జరిగింది. ఒత్తిడికి కొలత పరికరం పగిలి ముక్కలు ఎగిరిపడ్డాయి. ఆయన వదల్లేదు. 1894 ఫిబ్రవరి 17న ఇంజన్ సుమారు ఒక్క నిమిషం తనంతట తాను నడిచింది. సరిగ్గా మూడేళ్ల తర్వాత, 1897లో, ఇంధన శక్తిలో 26.2 శాతాన్ని పనిగా మార్చి చూపింది.

స్విట్జర్లాండ్‌కు చెందిన ఆల్ఫ్రెడ్ బుకీ ఈ ఇంజన్‌కు మరింత గాలి అందించే దారి వెతికాడు. బయటికి పోయే పొగతో ఒక చక్రాన్ని తిప్పి, ఆ బలంతో గాలిని లోపలికి తోసే టర్బోకు 1905లో పేటెంట్ కోరాడు. గట్టి విజయం 1925లో గాని రాలేదు. 1978లో మెర్సిడెస్ 300 ఎస్‌డీతో టర్బో డీజిల్ కారు మార్కెట్‌లోకి వచ్చింది.

మెకానిక్ షెడ్లలో పనిచేస్తున్న మన పూర్వ విద్యార్థులకు టర్బో లాగ్ తెలిసినదే. యాక్సిలరేటర్ తొక్కగానే డీజిల్ అందుతుంది, కానీ పొగ పెరిగి చక్రం వేగం అందుకున్నాకే గాలి వస్తుంది. ఈ కొద్దిపాటి ఆలస్యం సహజం. ఆలస్యం పెరిగి నల్లపొగ వస్తుంటే ఎక్కడో గాలి తగ్గిందేమోనని అనుమానించాలి. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందా, హోస్ పైపుకు చిల్లి పడిందా, క్లిప్పు వదులైందా, ఇంటర్‌కూలర్ లీకవుతోందా, టర్బో రెక్కలకు మసి పట్టిందా అని వరుసగా చూడాలి. ఇవేవీ చూడకుండా పికప్ కోసం ట్యూనింగ్ పేరుతో డీజిల్ మోతాదు పెంచితే పొగ, వేడి పెరిగి ఇంజన్ దెబ్బతింటుంది.

యంత్రంలోని నష్టాన్ని శాతాలతో లెక్కగట్టిన డీజిల్ సొంత డబ్బు లెక్క కాపాడుకోలేకపోయాడు. పెట్టుబడుల్లో నష్టపోయి అప్పులపాలయ్యాడు. 1913 సెప్టెంబర్ 29 రాత్రి ఇంగ్లండ్ వెళ్తున్న ఓడలోంచి కనబడకుండా పోయాడు. కొన్నాళ్లకు సముద్రంలో శవం దొరికింది. ఆ రాత్రి ఏం జరిగిందో నేటికీ తేలలేదు.

మనలో చాలామందిమి ఇంట్లో మొదటి తరం చదువరులం. పెట్టిన శ్రమకు ఫలితం వెంటనే రాదు. ఆ ఆలస్యాన్ని చూసి ఇంజనే పనికిరాదనుకోవద్దు. మరీ ఆలస్యమైతే కష్టాన్ని లోపలే దాచుకోకుండా తోటివారితో, వార్డెన్ గారితో చెప్పుకుందాం. లోపం ఎక్కడుందో కలిసి వెతుకుదాం.