ఢిల్లీ లేఖ: బందీ శిబిరం నుంచి వచ్చిన పరిశోధకుడు

ప్రభుత్వం తానే రాయించిన నివేదికను తానే బీరువాలో దాచిపెట్టడం ఈ రాజధానిలో కొత్త సంగతి కాదు. 1948లో హైదరాబాదుపై పోలీసు చర్య ముగిశాక పండిట్ సుందర్‌లాల్ బృందం జిల్లాలు తిరిగింది. రజాకార్ల దౌర్జన్యాలు జగద్విదితమే. కాని ఆ తర్వాత ముస్లింలపై సాగిన ప్రతీకారకాండలో 27 వేల నుంచి 40 వేల మంది వరకు మరణించి ఉంటారని ఆ బృందం అంచనా వేసింది. ఆ పత్రాలను ఢిల్లీలోని నాటి నెహ్రూ మ్యూజియం గ్రంథాలయంలో ఎవరైనా చూడవచ్చునన్న వార్త 2013లో గాని వెలువడలేదు.

ఇటువంటి మౌనాన్ని గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఫ్రెంచి అపరాధ పరిశోధక నవలా రచయిత లియో మాలే జ్ఞాపకం వస్తారు.

ఆయన 1909లో మోంపెలియే నగరంలో జన్మించారు. పసితనంలోనే తల్లిదండ్రులను క్షయ కబళించగా, పీపాలు చేసి బతికే తాత పెంచాడు. పదహారో ఏట పారిస్ చేరి అరాచకవాదులతో తిరిగారు, పాటలు పాడారు, వీధుల్లో పత్రికలు అమ్మారు. 1930లలో అధివాస్తవిక కవులతో చేరారు. 1940లో సొంత ప్రభుత్వమే రాజ్యభద్రతకు ముప్పు కలిగించాడని జైల్లో పెట్టింది. విడుదలై దారినపడితే జర్మన్లు పట్టుకుని, ఉత్తర జర్మనీలోని సాండ్‌బోస్టెల్ బందీ శిబిరానికి తరలించారు. 1941లో అనారోగ్య కారణంగా తిరిగి వచ్చారు.

1943లో పారిస్‌పై జర్మన్ జెండా ఎగురుతుండగానే ఆయన తొలి నెస్టర్ బర్మా నవల వెలువడింది. కథ బందీ శిబిరంలోనే మొదలవుతుంది. జ్ఞాపకశక్తి కోల్పోయిన ఒక ఖైదీ చనిపోతూ ఒక చిరునామా చెబుతాడు. ఆ చిరునామాయే నవల పేరు. రేషన్ కార్డులు, దీపాలార్పిన వీధులు, దేశాన్ని రెండుగా చీల్చిన సరిహద్దు రేఖ అందులో ఉన్నాయి. యూదుల తరలింపు లేదు. నాటి పరిస్థితుల్లో ఉండే వీలూ లేదు. 1954 నుంచి పారిస్ పేటకొక నవల చొప్పున ఇరవై రాయ సంకల్పించి, పదిహేను ముగించారు. వాటిలో యుద్ధకాలపు పాత లెక్కలు మళ్లీ తలెత్తాయి.

ఇంత చూసినవాడు వార్ధక్యంలో అరబ్బు వలసదారులపై ద్వేషం వెళ్లగక్కడం నన్ను కలచివేస్తుంది. 1961 అక్టోబరు 17న పారిస్ పోలీసులు అల్జీరియన్లను చంపిన ఘటనను నవలకెక్కించినవాడు తర్వాతి తరం రచయిత దిదియే దెనాంక్స్. 1980లలో వచ్చిన ఆ నవల, యుద్ధకాలంలో యూదులను పంపించివేసిన అధికార హస్తమే ఈ హత్యల వెనుకా ఉందని సూచించింది. నాటి పోలీసు అధిపతి మోరిస్ పాపోఁకు 1998లో పదేళ్ల శిక్ష పడింది. అదీ యూదుల విషయంలోనే. 1961 హత్యలకు ఎవరికీ శిక్ష పడలేదు.

మాలే 1996లో మరణించారు. ఆయన ద్వేషాన్ని నేను సమర్థించను, ఆయన నవలను వదులుకోను. అధికార పత్రం నోరు మూసుకున్నచోట చవకబారు కాలక్షేపమనిపించుకున్న సాహిత్యం నోరు విప్పగలదని నేర్పినవారిలో ఆయన ఒకరు. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌ను తెల్లవార్లూ చదివిన జాతి మనది. 1948 నాటి బీరువా తాళం అడిగే పరిశోధకుణ్ణి తెలుగు నవల సృష్టిస్తే, మొదటి ప్రతి నేను కొంటాను.