స్ట్రెచరు మోసిన బారిష్టరు

ఈ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి వ్రాయమని కార్యదర్శిగారు కోరారు. గాంధీగారి ఉప్పు సత్యాగ్రహం, క్విట్ ఇండియా ఉద్యమం మన సభ్యులందరికీ తెలిసినవే. ఆయన మూడు పర్యాయాలు యుద్ధంలో గాయపడినవారి సేవకు పూనుకుని, అందుకోసం శిక్షణ కూడా పొందిన సంగతి మాత్రం మనం అంతగా చెప్పుకోము. ఆరోగ్య శాఖలో గుమస్తాగా ఏజెన్సీలో పనిచేసి, ప్రస్తుతం టైడాలో ఉంటున్న నాకు ఆ ఘట్టమే మనసుకు దగ్గరగా తోస్తుంది.

దర్బానులో వకీలుగా ప్రాక్టీసు బాగా సాగుతున్న రోజుల్లోనే ఆయన డాక్టర్ బూత్ నడిపే చిన్న ధర్మాసుపత్రికి రోజూ ఉదయం గంటో రెండు గంటలో వెళ్ళి కాంపౌండరు పని చేసేవారు. రోగి బాధ విని డాక్టరుకు చెప్పడం, రాసిచ్చిన మందు కలిపి ఇవ్వడం ఆయన పని. వచ్చేవారిలో ఎక్కువమంది ఒప్పంద కూలీలు. వారిలో మద్రాసు రేవులో ఓడ ఎక్కిన మన తెలుగువారూ ఉన్నారు.

1899 అక్టోబరులో బోయర్ యుద్ధం మొదలైంది. ఆయన సానుభూతి బోయర్ల వైపే. అయినా బ్రిటిషు ప్రజలుగా హక్కులు అడుగుతున్నప్పుడు ఆ బాధ్యతలోనూ పాలు పంచుకోవాలని తలచారు. ఆ తర్కం నాకు పూర్తిగా మింగుడుపడదు. ప్రభుత్వం మొదట వద్దంది. డాక్టర్ బూత్ వాలంటీర్లకు క్షతగాత్రుల సేవలో శిక్షణ ఇచ్చారు. చివరకు సుమారు 1,100 మందితో దళం ఏర్పడింది. అందులో దాదాపు 300 మంది స్వతంత్రులు, తక్కినవారు కూలీలు.

స్ట్రెచరు మోయడం పైకి కనిపించినంత తేలిక కాదు. ముందువాడూ వెనుకవాడూ ఒకే కాలు కలిపి నడిస్తే స్ట్రెచరు ఊగుతుంది, గాయం కదులుతుంది. అందుచేత కవాతు నడక మానుకుని పొట్టి అడుగులు వేయాలి. టైడా పైనున్న గూడేల నుంచి రోగిని డోలీలో దించేవారిని నేను చూశాను. ఏటవాలులో బరువంతా ముందువాడి భుజంమీదే పడుతుంది. భుజం మార్చుకోవడానికి పక్కనే మనుషులు నడుస్తూ ఉండాలి. నేటాలులో వీరు గాయపడినవారిని మోస్తూ రోజుకు 20 నుంచి 25 మైళ్ళు నడిచారు. కాల్పుల హద్దులోకి వెళ్ళనక్కరలేదన్నది ముందు ఒప్పందం. 1900 జనవరిలో స్పియాన్ కోప్ దగ్గర దెబ్బ తగిలాక జనరల్ బుల్లర్ కబురు పంపారు. వీరు తుపాకుల మధ్యకే వెళ్ళి క్షతగాత్రులను తెచ్చారు. ఆరు వారాలకు దళాన్ని రద్దు చేశారు. పతకాలు నాయకులకు దక్కాయి. జీవితమంతా జాబితాలు రాసిన నాకు, ఆ బరువు మోసిన కూలీల పేర్లే వెదకబుద్ధి అవుతుంది.

అసలు పరీక్ష 1906లో జులూల తిరుగుబాటులో వచ్చిందని నా అభిప్రాయం. ఈసారి దళంలో 24 మందే. గాంధీగారికి తాత్కాలికంగా సార్జెంట్ మేజర్ హోదా ఇచ్చారు. వీరికి అప్పగించినవారిలో చాలామంది పోరులో గాయపడినవారు కారు. అనుమానంమీద కొరడాదెబ్బలు తిన్న జులూలు. పుళ్ళు చీముపట్టి ఉన్నాయి. వాటిని కడగడానికి తెల్లవారెవరూ ముందుకు రాలేదు. కటకటాల అవతల సోల్జర్లు నిలబడి ఆ పని మానమంటూ దుర్భాషలాడేవారు. వీరు పుళ్ళు కడిగి కట్టు కడుతూనే ఉన్నారు. ఒక్కోరోజు 40 మైళ్ళు నడక కూడా పడేది.

మూడోసారి 1914 ఆగస్టులో లండన్‌లో. డాక్టర్ కాంట్లీ ఆరు వారాల ప్రథమ చికిత్స తరగతి నడిపారు. చైనా నాయకుడు సన్ యట్ సేన్‌ను 1896లో లండన్‌లో చెర నుంచి విడిపించడానికి పాటుపడిన డాక్టరు ఈయనే. సుమారు 80 మంది చేరారు. పరీక్షలో ఒక్కరు తప్ప అందరూ గట్టెక్కారు. ఆ తరువాత మిలిటరీ డ్రిల్లు. ఆ రోజుల్లోనే మన హైదరాబాదు సరోజినీ నాయుడుగారు సైనికుల దుస్తులకు కత్తిరించిన గుడ్డల మూట ఒకటి ఆయన చేతిలో పెట్టి, కుట్టించి తెమ్మన్నారు. ప్రథమ చికిత్స నేర్చుకుంటూనే ఆ పనీ చేయించారు. నెట్లీ ఆసుపత్రికి క్షతగాత్రులు రావడం మొదలయ్యేసరికి ఆయనే ఊపిరితిత్తుల పొర వాపుతో మంచానపడ్డారు. డిసెంబరులో స్వదేశానికి ఓడ ఎక్కారు.

1915లో ప్రభుత్వం కైసర్-ఇ-హింద్ బంగారు పతకం ఇచ్చింది. దానినీ, బోయర్, జులూ యుద్ధాల పతకాలనూ 1920 ఆగస్టు 1న ఆయన వైస్రాయికి తిప్పి పంపేశారు.