చర్చి కట్టించిన దొర, కాలువలు తెచ్చిన దొర

మాది గుడివాడ దగ్గర పల్లె. కాలువ రేవులో బిందె ముంచేటప్పుడల్లా మా నాయనమ్మ కాటన్ దొరను తలుచుకునేది. ఆయన యుద్ధంలో పనిచేశాడనీ, చర్చి కూడా కట్టించాడనీ పెద్దయ్యాక చదివితే గానీ నాకు తెలీలేదు.

1803లో పుట్టిన ఆర్థర్ కాటన్ పద్దెనిమిదేళ్లకే సైనిక ఇంజినీరుగా మద్రాసు వచ్చాడు. 1824లో మొదలైన బర్మా యుద్ధానికి వెళ్లాడు. తర్వాత ఆరోగ్యం చెడి ఆస్ట్రేలియా వైపు వెళ్తే, అక్కడే 1841లో ఎలిజబెత్‌తో పెళ్లయింది. తిరిగొచ్చాక విశాఖపట్నంలో చర్చి కట్టించాడు, సముద్రపు కోతకు అడ్డుకట్టలు వేయించాడు.

అప్పటికే మన వైపు 1832-33 నాటి నందన కరువు ఎందరినో పొట్టన పెట్టుకుంది. పక్కనే కృష్ణమ్మ ఉంది, నీళ్లన్నీ సముద్రం పాలు! గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన కాటన్, కృష్ణకూ ఆనకట్ట కావాలని పట్టుబట్టాడు. 1852-55 మధ్య కెప్టెన్ ఆర్ పర్యవేక్షణలో బెజవాడ దగ్గర అది లేచింది. గుడివాడ, బందరు వైపు పొలాలు పచ్చబడ్డాయి. పాపం, దివిసీమకు మాత్రం కాలువ నీళ్లు చాలా ఏళ్ల తర్వాత గానీ అందలేదు.

కాటన్ 1899లో కన్నుమూశాడు. మరుసటి ఏడే ఆయన జీవితకథను పుస్తకంగా తెచ్చింది కూతురు లేడీ హోప్.

ఆ పాత ఆనకట్ట 1952లో తెగింది. 1957కల్లా ప్రకాశం బ్యారేజీ వచ్చింది. మా నాయనమ్మ ఏనాడూ చర్చి గడప తొక్కలేదు. అయినా బిందె నిండాక, దొరకు ఒక దణ్ణం పెట్టుకునే మెట్లెక్కేది.